మాస్టారి చీటీ, అప్పలకొండమ్మ చిమ్మిలి

ఆ సోమవారం పొద్దున్న దయారత్నం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఎనిమిది చీటీలు రాయాలి, స్నానం చేసి బడికి పోవాలి. కాఫీ అయింది. చీటీ దగ్గరే బండి ఆగిపోయింది.

హౌరా పక్కన లిలువాలో, రైల్వే కార్ఖానా గోడ పక్క సందులో ఉన్న తెలుగు బడికి ఆయన హెడ్మాస్టరు. కార్ఖానాలో పనిచేసే విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళ పిల్లలు అక్కడ ఏడో తరగతి దాకా చదువుతారు. ఆ ఏడు, అంటే అరవై తొమ్మిదిలో, బడికి పైనుంచి కొత్త ఉత్తరువు వచ్చింది. ఏడో తరగతి పిల్లలకి ఒళ్ళు ఎదిగే తీరు గురించి, వారి వయసుకు తగినంత మేరకు, ఒక పాఠం తప్పనిసరిగా చెప్పాలి. ముందు ఆడపిల్లలకి తల్లుల ఎదుట నర్సు చెప్పాలి. ఆ పైవారం మగపిల్లలకి తండ్రుల ఎదుట హెడ్మాస్టరు చెప్పాలి. శనివారం ఇన్‌స్పెక్ట్రెస్ సేన్‌గుప్తా గారు స్వయంగా వచ్చి చూస్తారు. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఆ బడిలో పాఠం ఎత్తేస్తారు.

ఇంకో హెడ్మాస్టరైతే ఆ ఆఖరి వాక్యం చదివి బతుకుజీవుడా అనుకుని, అభ్యంతరం చెప్పేవాణ్ణి తానే వెతికి పెట్టేవాడు. దయారత్నం మాస్టారికి అలా కుదరదు. ఆ తరగతిలో ఉన్న తొమ్మిదిమంది ఆడపిల్లల్లో ఆయన కూతురు యూనిస్ ఒకతె. పన్నెండు నిండాయి. తల్లి పోయి నాలుగేళ్ళయింది. మాస్టారి చెల్లెలు సుందరి పదమూడో ఏట, తనకేమైందో తెలియక, చచ్చిపోతున్నాననుకుని గడ్డివాము వెనక ఒక పగలంతా దాక్కుని ఏడ్చింది. ఆ ఏడుపు ఆయన చెవుల్లో ఇంకా ఉంది. యూనిస్‌కి అలాంటి రోజు రాకూడదు. నిజానికి చెప్పవలసింది తనే. పది రోజులుగా భోజనాల దగ్గర గొంతు సవరించుకుని, "అమ్మా యూనిస్" అని మొదలుపెట్టి, "మజ్జిగుందా?" అని ముగిస్తున్నారు. అందుచేత ఆ పాఠం జరిగి తీరాలి.

ఉన్నమాట ఉన్నట్టు రాస్తే సందంతా గగ్గోలెత్తుతుంది, అభ్యంతరాలు పుట్టుకొస్తాయి. పదకొండు చిత్తు కాగితాలు చింపాక పన్నెండోది నిలిచింది. "ఏడవ తరగతి బాలికల తల్లులు శనివారము ఉదయము పదిన్నరకు పాఠశాలకు తప్పక దయచేయవలెను. స్త్రీలకు మాత్రమే సంబంధించిన శుభ విషయము కలదు. నర్సమ్మ గారు కూడ ఉందురు. పురుషులు రాకూడదు." అందులో పాఠమన్న మాట లేదు, ఒళ్ళన్న మాట అసలే లేదు. ఎవరూ వేలెత్తి చూపడానికి సందు లేని చీటీ రాశానని మాస్టారు మురిసిపోయారు.

ఆ సందులో తల్లులకి చదువు రాదు. పిల్లలకి బెంగాలీ, హిందీ గడగడా వచ్చినా తెలుగు మాత్రం గుణింతం పట్టుకుని పాకుతుంది. గడగడా చదవగలిగింది యూనిస్ ఒక్కతే. కాబట్టి ఆ ఎనిమిది చీటీలూ యూనిసే ఇంటింటికీ పోయి చదివింది. కార్ఖానా కమ్మరి షాపులో పనిచేసే గవరయ్య భార్య అప్పలకొండమ్మ సందుకి పెద్దదిక్కు. ఆవిడ రెండుసార్లు చదివించుకుని, విషయమేమిటని అడిగింది. తండ్రి తనకీ చెప్పలేదని, పది రోజులుగా ఏదో చెప్పబోయి మానేస్తున్నాడని యూనిస్ ఉన్నదున్నట్టు చెప్పింది.

అప్పలకొండమ్మ ఇంకేమీ అడగలేదు. అడగవలసిన పనేముంది? ఆ పిల్ల కిందటి వారం మూడు రోజులు బడి మానేసింది. మానేసిన కారణం స్టేషను దగ్గర తిన్న ఇరవై ఫుచ్కాలని, అంటే అక్కడి పానీపూరీలని, అప్పలకొండమ్మకి తెలియదు. రైల్వే ఆసుపత్రి నర్సు విజయ కుమారి రెండుసార్లు మాస్టారింటికి వచ్చి వెళ్ళింది. వచ్చింది శనివారం పాఠం గురించి మాట్లాడడానికని కూడా తెలియదు. ఇప్పుడేమో ఆడవాళ్ళు మాత్రమే రావాలని చీటీ. రెండూ రెండూ నాలుగు.

వాళ్ళ వైపు ఆడపిల్ల సమర్తాడిందంటే పెద్ద సందడి. పిల్లని చాప మీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి తినిపించి, ఆడవాళ్ళందరినీ పిలుస్తారు. మేనమామ చీర తెస్తాడు. చర్చికి వెళ్ళే కుటుంబాలు ముహూర్తాన్ని వదిలేశాయి గాని చిమ్మిలిని వదల్లేదు. అయితే అంత సందడిలోనూ ఆ మాట మాత్రం ఎవరూ నోటితో అనరు. మగవాళ్ళ దగ్గర అసలే అనరు.

"తల్లి నేని పిల్ల. మగోడు, ఏటని సెప్తాడు పాపం? అందుకే సీటీ రాసినాడు," అంది అప్పలకొండమ్మ కుళాయి దగ్గర. "మనం నేమా ఆ పిల్లకి?"

ఆ మాటకి ముగ్గురు ఆడవాళ్ళు అక్కడే కళ్ళొత్తుకున్నారు. బుధవారానికి హౌరా నుంచి అయిదు కేజీల నువ్వులు దిగాయి. గురువారం గవరయ్య పోస్టాఫీసుకి పోయి, ఖరగ్‌పూర్‌లో బుకింగ్ క్లర్కుగా ఉన్న యూనిస్ మేనమామ కృపాకర్‌కి, శనివారం చీరతో రమ్మని టెలిగ్రాం కొట్టాడు. మైకుసెట్టు అద్దెకిచ్చే గురువులు అనే అతను దాన్ని ఊరికే ఇస్తానన్నాడు. తల్లి లేని పిల్ల కార్యానికి అద్దె తీసుకుంటే పుట్టగతులుండవన్నాడు.

శుక్రవారం అప్పలకొండమ్మ మాస్టారిని బడి గుమ్మంలో కలిసింది. కొంగు నిండా కప్పుకుని, గోడ వైపు చూస్తూ మాట్లాడింది. మాస్టారు రెండో గోడ వైపు చూస్తూ విన్నారు.

"రేపటి సంగతి మేం సూసుకుంటాం బాబూ. కావల్సినయి మేమే తెచ్చుకుంటాం. మీరు ఏటీ మాటాడొద్దు."

మాస్టారి గుండె మీంచి గుండ్రాయి దిగింది. చాపలూ మంచినీళ్ళూ తెచ్చుకుంటారు కాబోలనుకున్నారు. ఈ సందు ఆడవాళ్ళని తానే తక్కువ అంచనా వేశానని తనని తానే నిందించుకుని, "మీకభ్యంతరం లేదు కదమ్మా?" అనడిగారు. అభ్యంతరమేమిటి, తన సొంత పిల్లలాంటిదేనని ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. పాఠం గురించి వింటే కన్నీళ్ళెందుకొచ్చాయో మాస్టారికి అర్థం కాలేదు గాని, అడిగేంత ధైర్యమూ లేదు.

శనివారం పదింటికి మాస్టారు ఇన్‌స్పెక్ట్రెస్‌ని తీసుకురావడానికి స్టేషనుకి వెళ్ళారు. ఆవిడ ఎక్కిన లోకల్ గంటన్నర ఆలస్యంగా వచ్చింది. రైలు దిగిన జనంలో చీరల సంచీ పట్టుకుని కృపాకర్ కూడా కనిపించాడు. "నాకు కబురు చెయ్యడానికి గవరయ్య కావలసొచ్చాడా బావా?" అని నిష్ఠూరమాడాడు. ఎందుకొచ్చాడో మాస్టారికి తెలియదు. ఇన్‌స్పెక్ట్రెస్ ముందు అడగడం బాగుండదని నవ్వి ఊరుకున్నారు.

సందు మొదట్లోనే మైకు వినిపించింది. బడి గుమ్మానికి అరటిపిలకలున్నాయి. లోపల ఎనిమిదిమంది తల్లులు రావలసిన చోట నలభైమంది పట్టుచీరల్లో ఉన్నారు. మధ్యన చాప మీద, మెడలో దండతో, బుగ్గల నిండా పసుపుతో యూనిస్ కూర్చుని ఉంది. ఎదురుగా పళ్ళెం నిండా చిమ్మిలి ఉండలు. నర్సు విజయ కుమారి పటాలు చంకలో పెట్టుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక ఒక మూల నిలబడింది.

"ఏ కీ, మాస్టర్‌మశాయ్?" ఇదేమిటని ఇన్‌స్పెక్ట్రెస్ బెంగాలీలో అడిగింది.

అప్పటికి మాస్టారికి చీటీ, కన్నీళ్ళు, బావమరిది సంచీ అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. నేల విచ్చుకుంటే దిగిపోయేవారే. గుమ్మంలోంచే అప్పలకొండమ్మని పిలిచి, జీవితంలో మొదటిసారి ఆవిడ ముఖం వైపు చూసి, అలాంటిదేమీ లేదమ్మా, ఇంకా కాలేదు అని చెప్పారు.

"అవ్వనేదా?" అంది అప్పలకొండమ్మ. ఆవిడ చేతిలో మైకుందన్న సంగతి ఆవిడకే గుర్తులేదు.

సందు సందంతా ఆ ప్రశ్న విన్నది. అప్పుడు యూనిస్ దండ తీసి చాప మీద పెట్టింది.

"ఏటవలేదు?" అంది. "నాన్న స్టేషనుకెళ్ళిన దగ్గర్నుంచి కూర్చోబెట్టారు. పసుపు రాశారు, ఉండలు తినిపించారు. ఎందుకంటే ఒక్కళ్ళూ చెప్పరు. నాకేదైనా జబ్బా పిన్నీ?"

నలభైమందిలో ఒకరు పైకప్పు వంక చూశారు, ఒకరు అరటిపళ్ళు లెక్కపెట్టారు. ఆఖరికి అందరూ అప్పలకొండమ్మ వైపు చూశారు. గుమ్మం బయట మాస్టారికి గడ్డివాము వెనక సుందరి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. తను భయపడ్డది దేనికో అది తన చీటీతోనే తెచ్చిపెట్టారు.

అప్పలకొండమ్మ మైకు చాప మీద పెట్టి పిల్ల ఎదురుగా కూర్చుంది.

"జబ్బు కాదమ్మా," అంది నెమ్మదిగా. "నాకూ ఇలాగే తినిపించినారు. ఎందుకో ఎవులూ సెప్నేదు. సచ్చిపోతాననుకున్నాను. నా కూతురికీ నేను సెప్నేదు." తరవాత నర్సు వైపు తిరిగి, "సెప్పండి నర్సమ్మా. మేవూ ఇంటాం," అని తలుపు వేయించేసింది.

ఇన్‌స్పెక్ట్రెస్ లోపల ఉండిపోయింది. మాస్టారూ బావమరిదీ బయట అరుగు మీద మిగిలారు. మైకు కట్టేయడం మాత్రం ఎవరికీ తోచలేదు. మగవాళ్ళు రాకూడదు కనక గురువులు టీ కొట్టుకి పోయాడు. అతని హారనేమో కార్ఖానా గేటు వైపు తిరిగి ఉంది. శనివారం ఒంటిపూట పని. పన్నెండు గంటల కూత వేసి గేటు తెరిచేసరికి, విజయ కుమారి గొంతు హారన్‌లోంచి ఖంగున మోగుతోంది. ఇది జబ్బు కాదని, దేవుడు వేసిన శిక్ష అంతకన్నా కాదని, నెలనెలా రక్తం ఎందుకు పోతుందో, గుడ్డలు ఎలా ఉతికి ఎండలో ఆరెయ్యాలో, ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే వద్దని అరిచి ఇంట్లో చెప్పాలని వరసగా చెప్పుకుపోయింది. అత్తగార్లు మధ్యలో సందేహాలడిగారు. అవి కూడా హారన్‌లో వచ్చాయి.

మాస్టారు తలుపు కొట్టారు. మగవాళ్ళు రాకూడదని మాస్టారే రాశారు కదా అని లోపలి నుంచి జవాబొచ్చింది. గేటు దగ్గర రెండొందలమంది తెలుగువాళ్ళు భోజనం డబ్బాలు పట్టుకుని నిలబడి విన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కృపాకర్ చీరల సంచీ ఒళ్ళో పెట్టుకుని, తనకు ముగ్గురు ఆడపిల్లలని, ఇందులో సగం తనకిప్పుడే తెలిసిందని నెమ్మదిగా చెప్పాడు.

ఇక పాఠం పని అయిపోయిందనుకున్నారు మాస్టారు. ఒక్క అభ్యంతరం చాలు, ఇక్కడ రెండొందలు సిద్ధంగా ఉన్నాయి. ఇన్‌స్పెక్ట్రెస్ నోటుబుక్కు తీసి గేటు దాకా వెళ్ళి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగింది. ఎవరూ పెదవి కదపలేదు. అభ్యంతరం చెప్పాలంటే అది దేని మీదో నోటితో అనాలి కదా. గవరయ్య మాత్రం, ఏదో మైకులో పాటలొస్తున్నాయి గాని తామేమీ వినలేదన్నాడు. తల్లిదండ్రుల నుంచి అభ్యంతరాలు లేవని, జనం ఇంత ఉత్సాహంగా సహకరించిన బడిని తాను చూడలేదని, ఈ పాఠం ఇక్కడ ఏటేటా కొనసాగాలని ఆవిడ రాసుకుని, రెండు చిమ్మిలి ఉండలు రుమాల్లో కట్టుకుని వెళ్ళిపోయింది.

ఆరోజు సాయంత్రం యూనిస్ గంజి వారుస్తూ వెనక్కి తిరక్కుండా అంది. "నాన్నా, ఆ రోజొస్తే నీకు చెప్తాను. నువ్వు కంగారు పడకు. విజయ కుమారి సిస్టర్ గుడ్డలిచ్చింది, పెట్లో ఉన్నాయి."

పదకొండు కాగితాలు చింపినా రాయలేకపోయిన మాటని పిల్ల ఒక్క గుక్కలో చెప్పేసింది. మాస్టారికి చాలా సంతోషంగా, కొంచెం సిగ్గుగా అనిపించింది. "అమ్మా యూనిస్," అన్నారు. ఆ పిల్ల మజ్జిగ గిన్నె ముందుకు జరిపింది. మజ్జిగకి కాదని తల అడ్డంగా ఊపి, సుందరి అత్త ఒకరోజంతా గడ్డివాము వెనక ఎందుకు దాక్కుందో ఆ పూట కూతురికి మొదటిసారి చెప్పారు.

మర్నాడు మగపిల్లల తండ్రులకి పదిహేడు చీటీలు రాశారు. ఈసారి ఒక్క కాగితమూ చింపలేదు, ఒక్క మాటా దాచలేదు. ఒంటి గురించి పాఠమని, శనివారం పన్నెండున్నరకని, తండ్రులు తప్పక రావాలని స్పష్టంగా రాశారు.

పదిహేడుమందికీ ఆ శనివారమే ఓవర్‌టైం పడింది.