పక్క సీటు బరువు

ఆఫీసుల్లో మోటివేషనల్ స్పీచ్‌లు దండగ అనేవాళ్లను నేను జన్మలో క్షమించను! ఈ రోజుల్లో ఉద్యోగికి నిద్ర లేకపోయినా, సెలవు లేకపోయినా ఫరవాలేదు. నెలకొక ప్రసంగం వినిపిస్తే చాలు, బతికేస్తాడు.

నమ్మరా? నా సంగతే వినండి. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు ఐటీ విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఆమధ్య మా ఫ్లోర్‌లో ముప్పై సీట్లు ఎగిరిపోతాయని పుకారు పుట్టింది. నా సీటు పోతే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది. పాస్ పోతే నెల తిరక్కుండా ఇంటిల్లిపాదీ దేశం విడవాలి. మా అమ్మాయి అనన్యకేమో సెప్టెంబరులో ప్రైమరీ సిక్స్ బోర్డు పరీక్షలు. ఇలా భయంతో చస్తున్నవాళ్లకు యాజమాన్యం ఏం చేయాలి? మందు వేయాలి కదా! వేసింది. ఫిన్లాండ్ నుంచి ఒక రేసు డ్రైవర్‌ను పిలిపించింది.

పేరు వెయ్‌కో లౌహెలా. తొమ్మిదో ఏటే గడ్డకట్టిన చెరువు మీద వాళ్ల నాన్న పాత వ్యాను తిప్పాడట. పెద్దయ్యాక పన్నెండేళ్లు అడవి దారుల్లో ర్యాలీలు, ఎనిమిది కప్పులు. ఒకసారి అడ్డొచ్చిన దుప్పిని తప్పించబోయి, కారుతో సహా ఎవరిదో పశువుల కొట్టంలోకి దూరి, అవతలి గోడలోంచి బయటికొచ్చి, ఆ ర్యాలీ కూడా గెలిచాడట! నలభయ్యో ఏట అదంతా వదిలేసి సర్క్యూట్ రేసుల్లోకి దూకాడు. మార్పంటే భయపడకూడదన్నాడు. మేం తలలూపాం.

ఎవరికి చెప్పాడనుకున్నారు ఇదంతా? కారు కొనాలంటే రెండు జన్మలెత్తాల్సిన ఊళ్లో, రోజూ ట్రైన్‌లో వేలాడుతూ వచ్చే రెండువందల మందికి! అందులోనూ నేను బుకిట్ పంజాంగ్ వాణ్ణి. మా ఎల్ఆర్‌టీ రైలుకి అసలు డ్రైవరే ఉండడు. దానంతటదే నడుస్తుంది, దానంతటదే ఆగుతుంది. అలాంటివాడికి స్టీరింగ్ ఎలా తిప్పాలో నేర్పడం కంటే మహోపకారం ఉంటుందా?

నాకు మాత్రం కో-డ్రైవర్ ముచ్చట భలే నచ్చింది. ర్యాలీ కారులో డ్రైవర్ పక్కన ఇంకొకాయన కూర్చుంటాడట. ముందే దారంతా చూసి ప్రతి మలుపునూ నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. రేసులో అది చదువుతూ ఉంటే, ఆ మాట మీద నమ్మకంతో డ్రైవర్ దూసుకుపోతాడు. నా కళ్లు చెమర్చాయి. మా వైస్ ప్రెసిడెంట్ చక్రధర్‌కు పదకొండేళ్లుగా ఆ పక్క సీటు మనిషిని నేనే మరి! నెలాఖరు లెక్కల ప్రోగ్రామ్ ఎక్కడ ఆగుతుందో, ఏ సర్వర్ ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ డైరెక్టర్‌కు ఏ మాట గిట్టదో అన్నీ ముందే చెవిన వేసేది నేనే. కప్పులు మాత్రం ఆయన క్యాబిన్‌లో ఉంటాయి. ఉండాల్సిందే. కప్పు పట్టుకుంటే నోట్స్ ఎలా చదువుతాం?

"సర్క్యూట్‌లో తిరిగిన దారే తిరుగుతాం. చదివేవాడితో పనిలేదు. అందుకే పక్క సీటు పీకించేశాం. బరువు తగ్గింది, వేగం పెరిగింది!" అన్నాడు లౌహెలా. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. చక్రధర్ నా భుజం తట్టాడు.

"ఇకనుంచి మనం కూడా సర్క్యూటే అన్నా! మీ బుర్రలో ఉన్నదంతా ఒక డాక్యుమెంట్‌లో పెట్టేయండి."

ఎంత గౌరవం! మూడు వారాలు కూర్చుని నూట నలభై పేజీలు రాశాను. ఎక్కడెక్కడ బోల్తా పడతామో ఎర్ర అక్షరాల్లో పెట్టి, శుక్రవారం మధ్యాహ్నం పంపించాను. ఆ సాయంత్రం హాకర్ సెంటర్‌లో నూడుల్స్ తింటూ లౌహెలా కథంతా అనన్యకు చెప్పాను.

"డాడీ, దెన్ ద నోట్స్ అంకుల్ హౌ? హీ గో వేర్?"

"అది చెప్పలేదమ్మా."

"హిజ్ నేమ్?"

"పేరు కూడా చెప్పలేదు."

"సో బ్యాడ్ లా!" అంది అనన్య ఇక్కడి బడి యాసలో. మా ఆవిడ వసుంధర చెంచా కింద పెట్టి నాకేసి చూసింది. "ఏవండీ, మీ నోట్స్ ఇంకా ఇచ్చెయ్యలేదు గదా?"

నేను మంచినీళ్లు తాగాను.

సోమవారం పొద్దున హెచ్ఆర్ వాళ్లు పిలిచారు. బరువు అనే మాట పొరపాటున కూడా వాడలేదు, ఎంత సంస్కారం! కాఫీ కూడా ఇచ్చారు. నా సీటు సామాన్ల అట్టపెట్టె పట్టుకుని ఎల్ఆర్‌టీ ఎక్కి, అన్నిటికంటే ముందున్న కిటికీ అద్దం దగ్గర నిలబడ్డాను. అనన్య పరీక్షలకు మూడు నెలలుంది, మాకు ముప్పై రోజులుంది. ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు? కళ్లు తుడుచుకుని చూస్తే రైలు తన మలుపులన్నీ తనే తిరుగుతోంది. ర్యాలీ కారుకు రెండు సీట్లు. సర్క్యూట్ కారుకు ఒకటి. అప్పుడు నాకు మొదటిసారి చక్రధర్ మీద జాలి కలిగింది. వెంటనే మెసేజ్ పెట్టాను.

"మేం వెళ్లేలోపు ఒకసారి మా ఇంటికి భోజనానికి రండి. టాక్సీ వద్దు, ఎల్ఆర్‌టీలోనే రండి. రైలు ముందు కిటికీ అద్దం దగ్గర నిలబడి, డ్రైవర్ సీటు ఎక్కడుందో చూడండి."