యుద్ధవిమానానికి తోక ఎందుకు?

నాకు చిన్నప్పటి నుంచీ ఒక సందేహం. సముద్రం దాటిన హనుమంతుడికి రెక్కలు లేవు. తోక ఉంది. మరి ఎగరడానికి ముఖ్యమైనది రెక్కా, తోకా? ప్రతి మంగళవారం ఆకుపూజ చేయించి అడుగుతూనే ఉన్నాను. స్వామి చిరునవ్వుతో ఉంటాడే కానీ చెప్పడు.

అందుకే మన దేశం కొత్తగా తయారుచేస్తున్న యుద్ధవిమానం ఫొటో పేపర్లో చూసి ఉలిక్కిపడ్డాను. త్రికోణంలా పెద్ద రెక్కలున్నాయి. వెనక తోక కత్తిరించినట్టుంది.

ఏరోడైనమిక్స్ చదవనివాళ్లు విమానాల గురించి మాట్లాడకూడదట. ఎంత తప్పు! చదివినవాడికి లెక్కలు అడ్డం వస్తాయి. చదవనివాడి చూపు తిన్నగా వెళ్తుంది. సైబర్ టవర్స్ గుండ్రంగా ఉంది కాబట్టి లోపలివాళ్లు తెలివైనవాళ్లని మాదాపూర్ అంతా ఒప్పుకోలేదా? మా అపార్ట్‌మెంటులో ఫ్లాట్లు ఎలా కొన్నాం? రంగుల బొమ్మ చూసి. బొమ్మలో ఫౌంటెన్ కూడా ఉంది. కుళాయిల సంగతి అడగడానికి నామోషీ అనిపించింది.

ఆ ఆదివారం టెర్రస్ మీద మా అసోసియేషన్ మీటింగు. బీటలు వారిన నీళ్ల ట్యాంకు గురించి. పేపరు నా చేతిలో ఉండడంతో చర్చంతా విమానం మీదకు మళ్లింది. ప్రెసిడెంటు యజ్ఞనారాయణ గారు ఫొటోను దూరంగా పెట్టి చూసి, "ముక్కు మరీ పొడుగండీ. గాలంతా అక్కడే తగుల్తుంది" అన్నారు. బ్యాంకు మేనేజరు గారికి రెక్కలు పల్చగా కనిపించాయి. నేను తోక సంగతి ఎత్తాను. మూడు లోపాలూ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. శాస్త్రవేత్తలకు చెప్పే దారి లేదు కనక, మా డిజైన్‌తో మా ట్యాంకునే యుద్ధవిమానంలా కట్టుకోవాలని తీర్మానించాం. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు రోడ్డు మీంచి చూసి అద్దెకు ఎగబడరా?

మేస్త్రీ లింగయ్య తల గోక్కున్నాడు. "సార్, గిది ఎగురుతదా?"

"ఎగరబోతున్నట్టు కనపడాలయ్యా" అన్నారు యజ్ఞనారాయణ గారు.

"మరి నీళ్లు?"

"ముందు షేపు రానీ."

అలా ముక్కు పైకెత్తుకుని సిమెంటు విమానం లేచింది. నా పట్టుదల మీద పెట్టిన బారెడు తోక పిట్టగోడ దాటి పక్కింటి వైపు కిందికి వాలింది. ఫ్లాట్లకు వెళ్లే పైపును ముక్కుకు బిగించాం. తోకకు బిగిస్తే చూడ్డానికి బాగుండదు కదా!

కొబ్బరికాయ కొట్టి మోటారు వేశాం. నీళ్లన్నీ వెళ్లి తోకలో కూర్చున్నాయి. ముక్కులో చుక్క లేదు. కుళాయిలన్నీ బుస్సుమని గాలి వదిలాయి. ఏరోడైనమిక్స్ అంటే ఇదే మరి.

మా ఆవిడ పద్మావతి బిందె ఎత్తుకుంది. ఈ ఫ్లాటుకొచ్చినప్పటి నుంచీ నీళ్లు రానప్పుడల్లా పక్కనే రేకుల ఇంట్లో ఉండే సత్తెమ్మ బోరింగే మాకు దిక్కు. "మాకు నీళ్లొచ్చాక నీ డ్రమ్ము నింపుతాం" అని మొదటి బిందె నాడే పద్మావతి మాటిచ్చింది. తర్వాత మేం చాలా లోతుగా బోరు వేయించాం. సత్తెమ్మ బోరింగు ఎందుకో ఎండిపోయింది.

ఆ సంగతి తెలియక వెళ్లిన పద్మావతి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. "మీ తోకల సంగతి తర్వాత. ఆవిడ నీళ్ల కోసం రాయదుర్గం దాకా నడుస్తోంది. మొహం ఎలా చూపించమంటారు?"

దానికి జవాబు తోక ఇచ్చింది. మర్నాడు పొద్దున్నే నీళ్ల బరువుకు ఆగక దాని కొస చీలింది. ధార నేరుగా సత్తెమ్మ వాకిట్లో పడింది. ఆమె కొంగు బిగించి, ఖాళీ డ్రమ్మును ధార కిందికి జరిపి, టెర్రస్ మీదున్న మా వైపు తలెత్తింది.

"సారూ, మీ ఇమానం కారుతున్నది. జర మూయకుండ్రి."

యజ్ఞనారాయణ గారు సిమెంటు కోసం పరిగెత్తబోయారు. పద్మావతి మెట్లకు అడ్డంగా నిలబడింది.

"ఆ డ్రమ్ము నిండనివ్వండి అన్నయ్యగారూ."

నా సందేహం తీరింది. రెక్కలు చూసేవాళ్ల కోసం. తోక పక్కవాళ్ల కోసం. శాస్త్రవేత్తలు గమనించగలరు.

డ్రమ్ము అంచు దాకా నిండి పొర్లింది. "చాలమ్మా, మాట దక్కిచ్చుకున్నవ్" అంది సత్తెమ్మ కిందినుంచి.