కారు వేడెక్కితేనే కల్యాణం

ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కని కారు కూడా ఒక కారేనా? నన్నడిగితే అలాంటి బండిని షోరూమ్‌కే తిప్పి పంపాలి! నవ్వకండి. చిట్యాల మురళీమోహన్ సంగతి విన్నాక మీరే మెకానిక్ దగ్గరికి పరుగెత్తి, "మా బండి వేడెక్కడం లేదు, ఏదో ఒకటి చెయ్యి బాబూ" అని బతిమాలుతారు.

మురళీమోహన్‌ది నేత కుటుంబం. తాను మాత్రం నల్గొండలో ఇన్సూరెన్స్ ఆఫీసు ఉద్యోగి. రోజూ సొంత కారులో వెళ్లొస్తాడు. కారంటే పంచప్రాణాలు! తల్లి సావిత్రమ్మ మగ్గం వదల్లేదు. చెల్లెలు సంధ్యకు శ్రావణంలో పెళ్లి కుదిరింది. పెళ్లిచీర తన చేత్తోనే నేస్తానని సావిత్రమ్మ పంతం.

పంతమైతే బాగుంది, వాన ఒప్పుకోవాలి కదా? పట్టుదారపు కట్టలకు, అదే చిలపలకు, ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచాలి. ముసురు వదలదు, దారం ఆరదు. ఆరకపోతే మగ్గమెక్కదు. మగ్గమెక్కకపోతే నేతోళ్ల పిల్ల పీటల మీద బజారు చీరలో కూర్చోవాలి. ఆ ఊహకే సావిత్రమ్మకు కళ్లలో నీళ్లు తిరిగేవి.

సరిగ్గా అప్పుడే కారుకు రోగమొచ్చింది. ఖాళీ రోడ్డు మీద బుద్ధిగా పోయే బండి, వంతెన పనుల దగ్గర నత్తనడక మొదలవగానే ఉడికిపోయేది. ముల్లు ఎర్రగీత మీదికి, ఆవిరి ఆకాశంలోకి!

ఆహా, ఎన్ని లాభాలో చూడండి! ఊళ్లో ఎన్నడూ పలకరించని జానయ్య, జామ్‌లో వెనక ఆగిన బస్సు దిగి మరీ వచ్చాడు. "హీటర్ పెట్టు బిడ్డా, ఇంజన్ల వేడంతా లోపటికి గుంజుకుంటది!" అన్నాడు. సలహా నిజమే, ముల్లు దిగింది. మురళీమోహన్ మాత్రం లోపల ఇడ్లీలా ఉడికాడు. ఆవిరిస్నానం కోసం జనం ఎక్కడెక్కడికో పోతారే, మనవాడికి ఆఫీసు దారిలోనే దొరికింది! పొట్ట తగ్గింది. ముఖానికి కళొచ్చింది. దేవుణ్ని తలచుకోవడం కూడా అలవాటైంది.

అయినా మనిషికి తృప్తి ఉండదు కదా? ఆదివారం మెకానిక్ బెంజమిన్‌ను ఇంటికి పిలిచాడు. బెంజమిన్ కూలెంట్ చూశాడు, నిండుగానే ఉంది. థర్మోస్టాట్ మార్చాడు, తేడా లేదు. ఇంజన్ ఆన్ చేసి చెవి పెట్టాడు.

"రోడ్డు మీద ఉరికితే గాలి తగులుతాంది, సల్లగుంటాంది. నిలబడ్డప్పుడు ఫ్యాన్ తిరగాలె గదనే అన్నా? అది తిరుగుతలేదు!" అంటూ రేడియేటర్ వెనక్కి టార్చ్ వేశాడు. అక్కడ ఫ్యాన్ జాగాలో ఎర్రటి పట్టు ఉండ కనిపించింది.

సావిత్రమ్మ తొంగి చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఓయమ్మా! గిది నా చిలప గాదూ! పక్కింటి గుర్వమ్మ ఎత్తుకపోయిందని గిన్నొద్దులు దాంతోని మాట్లాడుతలేను గదరా!"

గుట్టు బయటపడింది. కొడుకు ఆఫీసు నుంచి వచ్చి స్నానానికి పోగానే, ఆమె బానెట్ ఎత్తి వేడి ఇంజన్ మీద తడి చిలపలు పరిచేది. బండి ఆపినా కాసేపు తిరిగే ఫ్యాన్, ఓ చిలప కొస అందుకుని ఒళ్లంతా చుట్టుకుంది. మోటారు బిగుసుకుపోయి ఫ్యూజు కొట్టేసింది.

"నా కారును దండెం జేస్తివా అమ్మా!"

"మరేడ ఆరబెట్టాలెరా, నీ నెత్తి మీదనా? మొన్నటి సంది ఇంకా జల్ది ఆరుతాంది గూడ!"

బెంజమిన్ పట్టంతా కత్తిరించి తీసి, ఫ్యూజు మార్చాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది. మర్నాడు ఎంత జామ్‌లో నిలబడ్డా ముల్లు సగం దాటలేదు. మురళీమోహన్ ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. సావిత్రమ్మ తడి చిలపతో వచ్చి ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూసింది. వెనకటి వేడి లేదు, ఈ లెక్కన పెళ్లినాటికి దారమంతా ఆరేలా లేదు. చిలపను భుజాన వేసుకుని లోపలికి పోయింది.

"పోనీ తియ్యే అమ్మా, బజారు చీరనే కట్టుకుంట" అంది సంధ్య. మురళీమోహన్‌కు గుండె కలుక్కుమంది. వెంటనే బెంజమిన్‌కు ఫోన్ కొట్టాడు.

"ఫ్యాన్ వైరు పీకెయ్ తమ్మీ."

"దిమాక్ ఖరాబైందా అన్నా? ఇంజన్ హెడ్డు పోతది!"

"పోతే పోనీ. చీర అయితే సాలు."

ఇక చూడండి వైభోగం! అందరూ జామ్‌ను తిడుతుంటే, మనవాడు జామ్‌ను వెతుక్కుంటూ పోయేవాడు. లారీవాడు దారిస్తే, "నువ్వే పో అన్నా, నాకేం తొందర లేదు" అని దండం పెట్టేవాడు. హీటర్ ముట్టుకుంటే ఒట్టు! పొగలు కక్కుతున్న బండిని ఇంటి ముందు ఆపగానే చిలపలు సిద్ధం. పెళ్లినాటికి చీర అయింది, హెడ్డు పోయింది. అమ్మ నేసిన ఎర్రచీరలో సంధ్య వెలిగిపోతుంటే, ఊరేగింపులో మనవాడి కారును ట్రాక్టర్‌కు కట్టి లాగారు. సావిత్రమ్మ ఆ ట్రాక్టర్ ముందు చిందేసింది!

ఇంత సులువైన ఉపాయం తెలియక, మన నేతవాళ్లు వానాకాలంలో దారం ఆరబెట్టుకోవడానికి ఒక షెడ్డు కావాలని ఏళ్లుగా అడుగుతున్నారు. నాయకులేమో ప్రతి ఎన్నికకూ వచ్చి, వాళ్లు నేసిన శాలువాలే కప్పించుకుని, రేపే కట్టిస్తామని వెళ్తున్నారు. షెడ్డు ఎందుకండీ దండగ! ఇంటికో కారివ్వండి, ఫ్యాన్ పీకేసి ఇవ్వండి. అది కూడా కుదరదంటారా? అయితే ఈసారి ముసురులో ఓట్లకు రండి. తడి శాలువాలే కప్పుతాం, మీ ఒంటి వేడికి ఆరాక తిరిగిచ్చి వెళ్లండి!