రెండు పడవల బేరం

రిటైరైన పోస్టుమాస్టరు గారు ఆ ఆదివారం పొద్దున ఆరింటికల్లా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండు గళ్ళుగా గీసిన కాగితమొకటి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆనాటి పథకం చాలా మామూలుది. ఏడింటికి రేవుకు వెళ్ళాలి. అక్కడ పక్కపక్కన కట్టి ఉన్న రెండు పాత మోటారు క్రూయిజర్లు చూడాలి. ఏదో ఒకటి ఖాయం చేసుకుని భోజనం వేళకు ఇంటికి వచ్చెయ్యాలి. ముప్ఫై అయిదేళ్ళు ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన మనిషికి ఇదేమంత పని.

క్రూయిజరంటే కంగారు పడనక్కర్లేదు. ఓ ఇంజిను, ఇద్దరు నడుం వాల్చడానికి ఓ గది, టీ కాచుకోవడానికి ఓ మూల ఉన్న పడవ, అంతే. ఒకటి తెల్లది, ఫైబరుతో చేసింది, ఒక పళ్ళ డాక్టరు గారిది. దాని వయసు తొమ్మిదేళ్ళు. రెండోది ఆకుపచ్చది, కర్రతో చేసింది, ఒక పెద్దావిడది. దానికి ముప్ఫై ఎనిమిది. కాగితం మీద అన్నీ బేరీజు వేస్తే తెల్లదానికి పద్నాలుగు మార్కులు, ఆకుపచ్చదానికి అయిదు వచ్చాయి. ఆ కాగితం భార్యకు చూపించారు. తన మనసంతా ఆ అయిదు మార్కులదాని మీదే ఉందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

దానికి కారణం ఉంది. పోస్టుమాస్టరు గారి తండ్రి నది మీద తిరిగే లాంచీలో ఇంజిను డ్రైవరు. బడి సెలవుల్లో కొడుకుని వెంట తీసుకెళ్ళి, ఇంజిను పక్కనే గోనెపట్టా పరిచి పడుకోబెట్టేవాడు. డీజిలు వాసన, వీపు కింద చెక్కల అదురు, దబ్ దబ్ దబ్ మంటూ ఊరూ పేరూ లేని ఒడ్డుల వెంట సాగిపోయే ఆ చప్పుడు. అంత హాయైన నిద్ర ఆయన మళ్ళీ ఎక్కడా పోలేదు. ఆ లాంచీని తర్వాతెప్పుడో తుక్కు కింద విరగ్గొట్టేశారు. తండ్రీ పోయాడు. పోయినవారం ప్రకటనలో ఆకుపచ్చ పడవ ఇంజిను ఫొటో చూసి పోస్టుమాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. అచ్చం అదే ఇంజిను. అరవై ఒక్కేళ్ళు వచ్చాయి, ఇప్పుడు కాకపోతే ఆ చప్పుడు ఇక వినేది లేదు. కానీ తన చేత్తో పద్నాలుగు మార్కులు వేసిన పడవను కాదని అయిదు మార్కులదాన్ని కొందామని పెళ్ళాన్ని ఏ మొహం పెట్టుకుని అడగడం?

ఇక్కడ ఆ దంపతుల అలవాటొకటి చెప్పాలి. పెళ్ళైన కొత్తలో బీరువా కొన్నప్పుడు మొదలైంది. దుకాణంలో నచ్చినదాన్ని ఇద్దరూ కలిసి తిట్టిపోస్తారు, నచ్చనిదాన్ని ఆకాశానికెత్తుతారు. చివర్లో భార్య "పోదాం పదండి" అంటుంది. గుమ్మం దాటేలోపు అమ్మేవాడు వెనక్కి పిలుస్తాడు. బీరువా, కుట్టుమిషను, ఆఖరికి ఉంటున్న ఇల్లు కూడా ఇలాగే చేతికొచ్చాయి. ఆ ఇంటికి వాళ్ళు పెట్టిన వంకలు విని దాని యజమానే ఇన్నాళ్ళూ ఇందులో ఎలా ఉన్నానా అని బెంగపడ్డాడు. కాకపోతే ఈ నాటకానికి ఒక షరతు ఉంది. నచ్చిందేదో ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ షరతు తప్పింది ఆ ఆదివారమే.

ముందు తెల్ల పడవ ఎక్కారు. పోస్టుమాస్టరు గారు నోరారా పొగడ్తలు మొదలుపెట్టారు. కిటికీలు దివ్యంగా ఉన్నాయన్నారు, నేల అద్దంలా ఉందన్నారు. భార్య మాత్రం కొనబోయేది ఇదేనన్న నమ్మకంతో తన వంతు పని తను చేసుకుపోయింది. మెత్తలు బండరాళ్ళలా ఉన్నాయంది, పొయ్యి అగ్గిపెట్టెంత ఉందంది, ఆ తెలుపు చూస్తే పన్ను పీకించుకోవడానికి వచ్చినట్టుందంది. డాక్టరు గారి మొహం చిన్నబోయింది.

పోస్టుమాస్టరు గారు పొగడ్త మధ్యలో ఆపేశారు. తిడుతోందంటే ఈవిడకు ఇది నచ్చిందన్నమాట. వద్దన్నట్టు కనుసైగ చేశారు. ఇంకొంచెం గట్టిగా తిట్టమంటున్నారు కాబోలనుకుని ఆవిడ మరుగుదొడ్డి తలుపు తీసి ముక్కు మూసుకుంది. డాక్టరు గారికి ఈ ఆలుమగల వరస ఏ కోశానా అర్థం కాలేదు. మీరు నెమ్మదిగా మాట్లాడుకుని చెప్పండి, నేనిక్కడే ఉంటానంటూ వెళ్ళి పడవ కొసన కూర్చున్నారు.

తర్వాత ఆకుపచ్చ పడవ. పెద్దావిడకు డెబ్భై అయిదేళ్ళుంటాయి, చేతికర్ర ఆనుకుని నిలబడి వాళ్ళకోసం ఇంజిను మీది చెక్క మూత ముందే తీయించి ఉంచింది. భర్త ఉన్నన్నాళ్ళూ ఆయన ఇంజిను చూసుకుంటే తను చుక్కాని పట్టేదట. ఆయన పోయి మూడేళ్ళయింది. మోకాళ్ళు వంగక ఇంజిను జోలికి వెళ్ళలేక అమ్మకానికి పెట్టానని చెప్పింది.

కొనేది కాదు గనుక భార్య ఇక్కడ ధారాళంగా మెచ్చుకుంది. ఎంత ముచ్చటగా ఉంది పిన్నిగారూ అంది, ఆ ఇత్తడి కొక్కేలు చూస్తే ప్రాణం లేచొచ్చిందంది. ఇంటినుంచి వేడివేడిగా పోసుకొచ్చిన స్టీలు టీ డబ్బా పెట్టడానికి చదునైన చోటు కనపడక, తెరిచి ఉన్న ఇంజిను నెత్తిన పెట్టి, పెద్దావిడతో కబుర్లలో పడింది. కాసేపయ్యాక దాన్ని తీసి ఆవిడకు టీ పోసింది.

పోస్టుమాస్టరు గారు అప్పటిదాకా పడవ పైకప్పు మీద వంకలు వెతుకుతున్నారు. రంగు ఊడిందన్నారు, చెక్క నాని పోయిందన్నారు, ఈ పాడు వాసనేమిటన్నారు. అంటూనే ఆ వాసనను గుండెల నిండా రెండుసార్లు పీల్చుకున్నారు. కిందికి దిగి, చదివిన పుస్తకంలో చెప్పినట్టు ఇంజిను మీద చెయ్యి వేసి చూశారు. పాత ఇంజినును చల్లగా ఉండగానే స్టార్టు చేయించి చూడాలి, అమ్మేవాళ్ళు ముందే వేడెక్కించి ఉంచితే అందులో ఏదో లోపం ఉన్నట్టే అని ఆ పుస్తకంలో ఉంది. చేతికి వెచ్చగా తగిలింది. బేరానికి ఇంతకన్నా మంచి ఆయుధం ఇంకేం దొరుకుతుంది.

"ఏమండీ, మేం రాకముందే తిప్పి వేడి చేసి ఉంచారా? పెద్దవారు, మీరు కూడా ఇలా చేస్తే ఎలా?" అన్నారు.

పెద్దావిడ టీ గ్లాసు కింద పెట్టేసింది. మొగుడి మోటుతనానికి సిగ్గుతో చచ్చిపోయిన భార్య "పోదాం పదండి" అంది. నాటకం కాదు, నిజంగానే అంది.

ఇద్దరూ పడవకు వేసిన చెక్క మీదుగా దిగి ఒడ్డుకొచ్చారు. పోస్టుమాస్టరు గారు నెమ్మదిగా నడిచారు. ఆగి చెప్పు సర్దుకున్నారు. రెండో చెప్పూ సర్దుకున్నారు. వెనకనుంచి పిలుపు లేదు.

"పిలవదేమిటి?"

"ఎందుకు పిలుస్తుంది? మనకది అక్కర్లేదుగా."

"నాక్కావాలి," అన్నారాయన. "అది మా నాన్న ఇంజిను."

భార్య ఆయన మొహంలోకి చూసింది. ఆ గోనెపట్టా నిద్ర గురించి ఆవిడ విననిది కాదు. "ఆ ముక్క ఇంటి దగ్గరే ఏడిస్తే నేనూ దాన్ని నాలుగు తిట్టేదాన్ని కదండీ. అయినా ఆ మహాతల్లిని దొంగని చేశారేమిటి? వేడి ఇంజినుది కాదు. నా టీ డబ్బా అక్కడే పెట్టాను."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఒక్క అంగలో వెనక్కి వెళ్ళి పెద్దావిడ ముందు నిలబడి చేతులు జోడించారు. బీరువా దగ్గర్నుంచి బేరం అలవాటు మొత్తం కక్కేశారు. తెల్ల పడవను పొగిడింది అక్కర్లేక, ఈ పడవను తిట్టింది కావలసి అన్నారు. తండ్రి గురించి చెప్పారు, లాంచీ గురించి చెప్పారు. నచ్చిన వస్తువును నచ్చిందని పైకి చెప్పడం ఆయనకు జన్మలో అదే మొదలు. ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు. ఈ కర్ర ఎంత గొప్పదో, ఆ ఇత్తడి ఎన్ని చేతులు తుడిస్తే అంత మెరుస్తుందో, ఇలాంటి ఇంజిను గొంతు మళ్ళీ ఎవడూ ఎందుకు పుట్టించలేడో చెప్పుకుపోయారు.

పెద్దావిడ అంతా విని, "స్టార్టు చెయ్యండి చూద్దాం," అంది.

పోస్టుమాస్టరు గారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. యాభై ఏళ్ళ కిందట చూసింది చేతులు మర్చిపోలేదు. మీట ఎత్తి, హ్యాండిలు తిప్పి, చక్రం ఊపందుకోగానే మీట దించారు. పడవ ఒకసారి ఒళ్ళు విరుచుకుని దబ్, దబ్, దబ్ మంది. ఆయన అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. చుక్కాని మీద చెయ్యి వేసి నిలబడ్డ పెద్దావిడ కూడా కళ్ళు తుడుచుకుంది. మూడేళ్ళయింది ఆ చప్పుడు విని.

"ఏమనుకోకండి బాబూ," అందావిడ చివరికి. "నేను దీన్ని అమ్మను. ఇంతసేపూ మీరు చెప్పిందంతా విన్నాక ఎలా అమ్మేది?"

పోస్టుమాస్టరు గారు, పోనీ కనీసం అదైనా అన్నట్టు తెల్ల పడవవైపు చూశారు. రెండు పడవలకీ మధ్య రెండడుగుల నీళ్ళే. పళ్ళ డాక్టరు గారు ప్రతి మాటా విన్నారు.

"అద్దంలాంటి నేల అన్నారు," అన్నారు డాక్టరు గారు చాలా మర్యాదగా. "అంటే బాగాలేదనేగా?" సమాధానం కోసం చూడకుండా అమ్మకం బోర్డు విప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు.

పోస్టుమాస్టరు గారు వంచిన తల ఎత్తలేదు. ఇంజిను మాత్రం తన పాటికి తను దబ్ దబ్ మంటూనే ఉంది. పెద్దావిడ కాసేపు దాన్నే విని, మీకు ఆదివారాలు తీరికేనా అని అడిగింది. తను చుక్కాని పట్టగలదట, కిందకి వంగి ఇంజిను చూసుకునే మనిషే కావాలట. వెనకనుంచి భార్య, ఆయనకు వారమంతా తీరికే పిన్నిగారూ, అని ఆయన తరఫున ఒప్పేసుకుంది.

అలా పోస్టుమాస్టరు గారు యజమాని కాబోయి, తండ్రి చేసిన ఉద్యోగంలోనే కుదురుకున్నారు. జీతం లేదు, పైనుంచి ఆర్డర్లు వేసేవాళ్ళు మాత్రం ఇద్దరు.