ఫైనల్ ఫోర్‌కి నలుగురే

ఆ శుక్రవారం పొద్దున సత్యదుర్గ అనుకున్నది చాలా చిన్న సంగతి. వంట తొందరగా ముగించుకోవాలి. సాయంత్రం ఊళ్ళోనే ఉన్న ఫర్వానియా పేటకి వెళ్ళి, తమ ఊరి అబ్బులు కొత్తగా పెడుతున్న మెస్ ప్రారంభంలో కూర్చుని తినాలి. ఏళ్ళ తరబడి ఈ అరబ్బు దేశంలో పరాయి ఇంట్లో వండి పెడుతున్న మనిషికి, ఇంకొకరు వడ్డిస్తే తినడం కంటే పండగ ఏముంటుంది?

ఇంటి యజమానురాలిని పనివాళ్ళు మామా అంటారు. తన చెల్లెలి ఇంటికి బయల్దేరుతూ మామా గుమ్మంలోంచే ఒక మాట అంది. "ఈవేళ బాబాకి ఫైనల్ ఫోర్. భోజనాలు దివానియాలో. బాగా చెయ్యి."

దివానియా అంటే ఇంటి ముందు మగవాళ్ళు చేరి కబుర్లు చెప్పుకునే పెద్ద గది. బాబా, అంటే ఇంటి యజమాని అబూ సాలెం, ఆ ఏడాదంతా అక్కడ ఒంటరిగా కూర్చుని యూరప్ క్లబ్బుల బాస్కెట్‌బాల్ చూశాడు. ఆయనది నీలం జట్టు. చలికాలమంతా అది ఓడిపోతూ ఉంటే పళ్ళేలు పెట్టినవి పెట్టినట్టే వంటింటికి తిరిగొచ్చాయి. ఎండలు మొదలయ్యాక గెలవసాగింది, పళ్ళేలు ఖాళీ అయ్యాయి. ఆ ఆటతో సత్యదుర్గకున్న పరిచయం అంతవరకే.

"ఫైనల్ ఫోరంటే ఏంటి బాబాయ్?" అని డ్రైవర్ భీమేశ్వరరావుని అడిగింది. ఆయనది రావులపాలెం. 'తెలీదు' అన్న మాట ఆయన నోట ఇంతవరకు ఎవరూ వినలేదు.

"అడగడానికేవుందమ్మాయ్. ఫోరంటే నలుగురు. ఫైనలంటే ఖాయం. వచ్చేది నలుగురేనని ఖాయవైపోయింది."

సత్యదుర్గ గోదావరి మనిషి కాబట్టి నలుగురికని చెప్పి ఆరుగురికి వండింది.

పొద్దుగూకే వేళకి వాకిట్లో కార్లు ఆగసాగాయి. వంటింటి కిటికీలోంచి చూస్తున్నకొద్దీ ఆమెకి అనుమానం పెరిగింది.

"బాబాయ్, కార్లు చాలా వస్తన్నాయి."

"ఆళ్ళు డ్రైవర్లమ్మాయ్. పెద్దోళ్ళ వెనకాల డ్రైవర్లు రారా?"

"డ్రైవర్లు ఊదు సెంటు కొట్టుకుని వస్తారా?"

ఇంతలో అబూ సాలెమే వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఆ మొహంలో పెళ్ళికొడుకు కళ. సీజన్ మొత్తం ఆడాక చివరికి నాలుగే జట్లు మిగిలాయనీ, అందులో తన నీలం జట్టు మొదటిసారి ఉందనీ, ఇన్నాళ్ళు తనని ఎగతాళి చేసిన స్నేహితులందర్నీ చూడ్డానికి పిలిచాననీ సంబరంగా చెప్పాడు. నలభై మందట. "తొందరేమీ లేదు, సగం ఆట అయ్యాక తింటాం" అని వెళ్ళిపోయాడు.

సత్యదుర్గ పొయ్యి మీదున్న గిన్నె వైపు చూసింది. తరవాత భీమేశ్వరరావు వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు. తిట్టడానికి టైము లేదు. తను వండే ఇంటి నుంచి ఆకలితో లేచిన మనిషి ఇంతవరకు లేడు. అబ్బులుకి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నలభై మందికి సర్ది పంపాలి. లేపోతే నా మాట పోద్ది."

అవతల గరిటె పక్కన పెట్టిన చప్పుడైంది.

"నీ మాట పోతే గోదారోళ్ళ మాట పోయినట్టే కదా చెల్లెమ్మా. కారు పంపించు."

కారు వెళ్ళింది. చిక్కల్లా అందులో భీమేశ్వరరావు వెళ్ళడమే. తప్పు తనదని అబ్బులు ముందు ఒప్పుకోలేక, "మా బాబా నీ చేతివంట గురించి విన్నాడయ్యా. ప్రారంభం తన ఇంట్లోనే జరగాలన్నాడు. రిబ్బను కూడా ఆయనే కత్తిరిస్తాడు" అన్నాడు. అబ్బులు కళ్ళు చెమర్చాయి. నలభై మందికి సర్దబోయినవాడు మొత్తం గుండిగలన్నీ వ్యాన్‌కి ఎక్కించాడు. తినడానికొచ్చిన జనం గుండిగల వెంట బయల్దేరారు.

సత్యదుర్గ గేటు తీసింది. వ్యాన్ వెనక కార్లు, కార్లనిండా కోనసీమ. అందరి ఒంటి మీదా అబ్బులు పంచిన నీలం టీ షర్టులు, వాటి మీద తెల్లటి అక్షరాల్లో 'అబ్బులు మెస్'.

"ఇదేంటన్నయ్యా?"

"ప్రారంభం ఇక్కడే కదమ్మా. మీ బాబా గారు ఏరీ?"

భీమేశ్వరరావు వంగి టైరులో గాలి చూసుకుంటున్నాడు. అప్పుడే మామా కారు వచ్చి ఆగింది. సందడి విని అబూ సాలెం కూడా బయటికి వచ్చాడు. ఇక ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా రద్దు, విమానం ఎక్కడమే తరువాయి అనుకుంది సత్యదుర్గ.

లోపల నీలం జట్టు వెనకబడి ఉంది. పిలిచి కూర్చోబెట్టిన స్నేహితులంతా ఎర్ర జట్టువాళ్ళే, ఒకటే నవ్వులు. ఆ నవ్వుల్లోంచి బయటికి వచ్చిన అబూ సాలెం మెట్ల మీద అలాగే నిలబడిపోయాడు. వాకిలంతా నీలం. దిగివచ్చి అబ్బులు ఛాతీ మీద అక్షరాల్ని వేలితో తడిమాడు.

"మన జట్టేనా?" అని అరబ్బీలో అడిగాడు.

"మనోళ్ళే బాబా" అన్నాడు భీమేశ్వరరావు. ఆ రోజు ఆయన చెప్పిన మొదటి నిజం అది.

"యల్లా, అందరూ లోపలికి" అన్నాడు అబూ సాలెం.

కోడిపలావూ రొయ్యల ఇగురూ లోపలికి వెళ్ళాయి. ఆట నియమాలు తెలిసినవాడు మనవాళ్ళలో ఒక్కడూ లేడు. కానీ కబడ్డీ పోటీల దగ్గర అరిచి పెరిగిన గొంతులు కదా, బంతి నీలం చేతికి వచ్చినప్పుడల్లా దివానియా అదిరింది. ఎర్ర జట్టు అభిమానులకి నోటినిండా రొయ్యలు ఉండటంతో బదులు అరవడం కుదరలేదు. చివరి బంతికి నీలం జట్టు గెలిచింది. అబూ సాలెం అబ్బులు నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. అబ్బులు మాత్రం పని మరచిపోకుండా రిబ్బను సాగదీసి పట్టుకున్నాడు, ఆయన ఎందుకని అడక్కుండానే కత్తిరించాడు.

వంటింట్లో సత్యదుర్గ మామా ఎదుట నిలబడింది.

"మామా, వచ్చేది నలుగురే అనుకుని వండాను. తప్పు నాదే."

"పొయ్యి మీద చూశాను" అంది మామా, రొయ్య నోట్లో వేసుకుంటూ. "మరి ఇంతమందికి ఎవరు పెట్టారు?"

"మా ఊరోళ్ళు మామా."

ఆ మాట అంటున్నప్పుడు సత్యదుర్గ తల తనకి తెలియకుండానే పైకి లేచింది. మామా ఇంకో రొయ్య అందుకుని, "మీ ఊరు పెద్దదే" అంది.

శుక్రవారం గెలిచింది సెమీఫైనలే, ఆదివారం అసలైన ఫైనల్. సత్యదుర్గకి శ్రమ ఎందుకని మామా ఆ పూట భోజనాలు పెద్ద హోటల్ నుంచి తెప్పించింది. నీలం జట్టు ఓడిపోయింది. ఎందుకు ఓడిందన్న విషయంలో దివానియాలో ఇప్పటికీ రెండో అభిప్రాయం లేదు.