జంగయ్య కుడిచెవి ఫైలు

శబ్దం అనేది ప్రభుత్వం విన్న తరువాతే శబ్దమవుతుంది. అంతకుముందు అది కేవలం పౌరుడి అభిప్రాయం. ఈ మహత్తర సూత్రాన్ని కాపాడటానికే దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, గాజుల దుకాణం పైన, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య కర్ణ శబ్ద నిర్ధారణ మండలి వెలసింది. (శబ్దాలు వినే ఆఫీసు నిశ్శబ్దమైన చోట ఉండాలని ఏ జీవోలోనూ లేదు. నేను వెతికాను.)

మండలి పని చాలా సులువు. ఉద్యోగి తన చెవిలో మోత ఉందని చెబితే, కార్యదర్శి ఆ మోతను స్వయంగా విని, విన్నానని సంతకం చేసి, గుండ్రటి ముద్ర వేయించాలి. అప్పుడే ఆపరేషన్‌కు అనుమతి. 'రోగికి మాత్రమే వినిపించు శబ్దము శబ్దము కానేరదు' అని పదకొండో నిబంధన చెబుతోంది.

జంగయ్య హయత్‌నగర్ డిపోలో బస్సు డ్రైవరు. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లుగా స్టీరింగు పట్టినవాడు. 2011 జనవరి నుంచి అతని కుడిచెవిలో ఎవరో సైకిలుకు పంపు కొడుతున్నట్టు మోత. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటే అన్ని దెబ్బలు. మెడ కుడిపక్క వేలితో నొక్కితే ఆగేది, వదిలితే మళ్లీ మొదలు. పాపం ఒక చేత్తో మెడ, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని నాలుగు నెలలు లాక్కొచ్చాడు. అది చూసిన డిపోవారు అతన్ని బస్సులోంచి దించి, గేటు దగ్గర స్టూలు వేసి, వచ్చేపోయే బస్సుల నంబర్లు రాసుకోమన్నారు. మండలి అనుమతితో ఆపరేషన్ చేయించుకుని వస్తేనే మళ్లీ డ్రైవరు సీటు. జంగయ్యకు ప్రపంచంలో కావలసింది ఆ సీటు ఒక్కటే.

సర్కారు దవాఖానలో చెవి డాక్టరు ఉదయలక్ష్మి స్కాన్ చూసి విషయం చెప్పింది. "మెదడు నుంచి రక్తం దించే పెద్ద సిర ఒకటి చెవి వెనక నుంచే వెళ్తుంది. దానికీ చెవికీ మధ్య ఎముక ఉండాలి. మీకు ఒకచోట లేదు. అక్కడ సిర ఉబ్బి ఇవతలికి వచ్చింది. మీకు వినపడేది మీ రక్తమే. సిరను లోపలికి సర్ది, ఎముక పొడితో ఆ ఖాళీ పూడ్చేస్తాం. మండలి కాగితం తీసుకురండి."

"గుంత పూడ్సుడే గద మేడం," అంది జంగయ్య భార్య సుమిత్రమ్మ. "ఎంతసేపు?" (పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి కొత్తపేటలోనే ఉన్న మనిషి, గుంతల గురించి ఇంత ఆశావాదం ఎలా నిలుపుకుందో!)

మండలి కార్యదర్శి గంగాధరరావు గుంటూరు వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డవాడు. మంచివాడు, నియమం తప్పనివాడు. జంగయ్య చెవికి మూడు నెలల్లో మూడుసార్లు స్టెతస్కోపు ఆనించాడు. మొదటిసారి పక్క కోచింగ్ సెంటర్లోని త్రికోణమితి వినపడింది. రెండోసారి కింద ఆటోవాడి "ఎల్బీనగర్, హయత్‌నగర్" కేక. మూడోసారి తెలంగాణ ర్యాలీ పోతోంది, డప్పులు మోగుతున్నాయి. ఆయన ఫైల్లో ఇలా రాశాడు: 'శబ్దము కలదు. అది అభ్యర్థిదా, ఉద్యమానిదా తేలలేదు.'

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి. జంగయ్య కూడా సమ్మెలో దిగి, ఎల్బీనగర్ టెంటులో కూర్చుని గొంతు పోయేలా నినాదాలిచ్చాడు. అరిచినంతసేపూ మోత తెలిసేది కాదు. ఇంటికి పోతే మళ్లీ అదే పంపు. ఒకనాడు రోడ్డంతా నిశ్శబ్దంగా ఉండటం చూసి అతనికి ఆలోచన తట్టింది. నడుచుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ పోయి మండలి మెట్లెక్కాడు. సమ్మెలో లేని గంగాధరరావు ఒక్కడే ఆఫీసు తెరుచుకుని కూర్చున్నాడు.

స్టెతస్కోపు పెట్టాడు. నిమిషం గడిచింది.

"వినపడుతోందయ్యా," అన్నాడు గంగాధరరావు మెల్లగా.

"నిజంగనా సార్?"

"నిజంగానే. ఇదిగో, మళ్లీ. ఇంత మోతతో ఎలా పడుకుంటున్నావయ్యా నువ్వు?"

జంగయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఎనిమిది నెలలుగా డిపో మేనేజరు గానీ, బావమరుదులు గానీ, తాయెత్తు కట్టిన బాబా గానీ ఆ మాట అనలేదు. ఆంధ్ర సారు అన్నాడు. ఈ ఘట్టంలో హాస్యం వెతకాలని చూశాను, నాకు దొరకలేదు.

సంతకం అయింది. ముద్ర కాలేదు. ముద్ర ఉన్న బీరువా తాళంచెవి అటెండరు రామస్వామి మొలతాడుకు ఉంటుంది. రామస్వామి సమ్మెలో ఉన్నాడు. ఎక్కడో కాదు, అదే ఎల్బీనగర్ టెంటులో, జంగయ్య పక్కనే.

"అన్నా, జర గా ముద్ర కొట్టిపోరాదే. ఒక్క నిమిషం పని," అని బతిమాలాడు జంగయ్య.

రామస్వామి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "నేను ముద్ర కొడితే నువ్వు బస్సు దీస్తవా?"

"గదెట్లయితదే? సమ్మె గద!"

"మరి నాదేంది?"

జంగయ్యకు ఈ న్యాయంలో తప్పు కనిపించలేదు. ఇద్దరూ కలిసి జై తెలంగాణ అన్నారు.

సంగతి విన్న గంగాధరరావు డాక్టరుకు ఫోన్ చేశాడు. "నేను నా చెవులతో విన్నానమ్మా. పందొమ్మిదో నిబంధన ప్రకారం ముందు ఆపరేషన్ చేసి తరువాత అనుమతి తీసుకోవచ్చు. చేసేయండి." ఉదయలక్ష్మి ఆ వారమే చేసేసింది.

జంగయ్యకు మెలకువ వచ్చాక సుమిత్రమ్మ అతని తలకు కట్టిన కట్టు వైపు వంగి అడిగింది. "ఏమన్న ఇనవడ్తందా?"

జంగయ్య చాలాసేపు విన్నాడు. "ఫ్యాను," అన్నాడు. "ఉత్త ఫ్యానే." వాళ్లిద్దరూ ఆ ఫ్యానును అరగంట విన్నారు.

నలభై రెండు రోజులకు సమ్మె ఆగింది. రామస్వామి వచ్చి బీరువా తెరిచాడు. గంగాధరరావు ఫైలు పట్టుకుని మండలి అధ్యక్షుడు పట్టాభి దగ్గరికి వెళ్లాడు.

"ఆఫీసు పనిచేయని రోజున విన్నది వినికిడి ఎలా అవుతుందండీ?" అన్నాడు పట్టాభి నొచ్చుకుంటూ. "మళ్లీ పిలిపించండి. వింటే అయిపోతుందిగా."

గంగాధరరావు మళ్లీ విన్నాడు. గంటసేపు విన్నాడు. నాడి పెరుగుతుందేమోనని జంగయ్యను మూడుసార్లు మెట్లెక్కించి, దించి, మరీ విన్నాడు. చివరికి తలవంచుకుని రిపోర్టు రాశాడు. రామస్వామి ముద్ర కొట్టాడు, చాలా స్పష్టంగా పడింది.

వారం తరువాత డిపో గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న జంగయ్యకు రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది:

'తమ కుడిచెవిలో ఎట్టి శబ్దమూ లేనందున ఆపరేషన్‌కు అనుమతి నిరాకరించడమైనది. అనుమతి లేని ఆపరేషన్ చేయించుకొన్నందున తమను తిరిగి డ్రైవరు విధులలోకి తీసుకొనుట సాధ్యపడదు. అభ్యంతరమున్నచో ముప్పది దినములలోగా, సదరు శబ్దముతో సహా, స్వయముగా హాజరు కావలెను.'