పిడుదుల డిగ్రీ

ఒక పెద్ద అడవిలో, పులి కూడా దారి అడుక్కుని తిరిగేంత పెద్ద అడవిలో, నూకమ్మ అనే కాకి ఉండేది. దున్నల వీపు మీద కూర్చుని పిడుదులు ఏరడం దాని పని. నెత్తురు పీల్చే పురుగు పోయిందని దున్నకి సుఖం, కడుపు నిండిందని కాకికి సుఖం. తాతముత్తాతల నుంచీ జరుగుతున్నదే. బోర్డు లేదు, రసీదు లేదు.

బోర్డు లేని పని కనపడితే జంబుకేశ్వరరావుకి నిద్ర పట్టదు. ఆయన నక్క. ఎలుగుబంటి డాక్టరుగారి ఆసుపత్రి పక్కనే కాలేజీ కట్టి, అడవి సభలో లేచి నిలబడ్డాడు.

"శిక్షణ లేని ముక్కులు రోగి వంటిని పొడవడమేమిటి? రేపేదైనా అయితే ఎవరిది పూచీ?"

సభలో ఎవరికీ పిడుదులు లేవు కాబట్టి అందరూ బాగుందన్నారు. వైద్య సహాయక డిగ్రీ లేనివాళ్ళు పిడుదు ముడితే జరిమానా అని తీర్మానమైంది.

నూకమ్మకి నోటికాడ కూడు పోయింది. నా బతుకెలాగూ అయిపోయింది, పిల్లనైనా చదివిద్దామని కూతురు నీలవేణిని తీసుకుని కాలేజీకి వెళ్ళింది.

"రెండేళ్ళ కోర్సు, ఆరు వందల గవ్వలు. ఉద్యోగం గ్యారంటీ," అన్నాడు నక్క.

"పిల్లకి పని వచ్చండీ. కళ్ళు మూసుకుని ఏరుతుంది."

"అదేనమ్మా ప్రమాదం. మేం కళ్ళు తెరిచి ఏరడం నేర్పుతాం."

"పోనీ, కాస్త తగ్గించండి."

"తగ్గిస్తే చదువుకి విలువ పోతుందమ్మా."

తిరిగొస్తుంటే వాగు ఒడ్డున తాబేలు తాత కనపడ్డాడు. లెక్కల్లో దిట్ట. "జీతమెంతట?" అని అడిగాడు.

"నెలకి నాలుగు గవ్వలట తాతా. యూనిఫాం కింద ఒకటి పట్టుకుంటారట. ఏరిన పిడుదులు తినకూడదట, అవి ఆసుపత్రి ఆస్తట."

"అంటే చేతికి మూడు. ఆరు వందలు తిరిగి రావాలంటే రెండు వందల నెలలు. పదహారేళ్ళ ఎనిమిది నెలలు. అదీ పిల్ల గాలి తిని బతికితే."

"కాకి కలకాలం బతుకుతుందంటారుగా."

"అది సామెత. సామెతని నమ్ముకుని అప్పు చేస్తారుటమ్మా?"

"మరి చేర్చకపోతే పిల్ల ఏం తినాలి తాతా?"

ఆ లెక్క తాతకి రాలేదు. తల లోపలికి లాక్కున్నాడు.

అప్పిచ్చేది కోకిల. గూడు తాకట్టు పెట్టుకుంది. "వడ్డీ ఏం వద్దు వదినా, ఏటా నా గుడ్లు నాలుగు పొదిగిపెట్టు. మూడో వానాకాలం తొలి చినుకు పడేలోగా అసలు కట్టేయి. లేదంటే గూడు నాది," అంది. గుడ్లు ఎలాగూ ఇన్నాళ్ళూ ఊరికే పొదుగుతూనే ఉంది కాబట్టి వడ్డీ నూకమ్మకి చవగ్గానే తోచింది.

కాలేజీలో దున్న లేదు. నక్క టేకాకు మీద దున్న బొమ్మ గీసి తగిలించాడు. తోక దగ్గర మొదలెట్టి గీసుకుంటూ వచ్చేసరికి ఆకు అయిపోయి, చెవులకి చోటు చాలలేదు. రెండేళ్ళూ ఆ బొమ్మే బట్టీ.

"సార్, పిడుదులు ఎక్కువగా పట్టేది చెవుల్లోనే కదండీ," అంది నీలవేణి ఒకరోజు.

"పరీక్షలో రాదు, కూర్చో."

డిగ్రీ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. మూడు నెలలు చేసి, పస్తులుండి, నీలవేణి తొమ్మిది గవ్వలు కూడబెట్టింది. ఈలోగా మబ్బులు పట్టాయి. కోకిల వచ్చి గూటి కొలతలు తీసుకుని వెళ్ళింది. నూకమ్మకి ఏడుపొక్కటే తక్కువ.

సరిగ్గా ఆ వారమే జంబుకేశ్వరరావు చెవిలో పిడుదు దూరింది.

తల విదిలించాడు, నేలకేసి రుద్దాడు, బురదలో పొర్లాడు. చివరికి ఆసుపత్రికి పరిగెత్తాడు. డాక్టరుగారు చీటీ రాసి సహాయకుల దగ్గరికి పంపారు. ముప్పై మంది డిగ్రీలవాళ్ళు వరుసగా నిలబడి ఆయన చెవిలోకి తొంగిచూశారు.

"ఇది సిలబస్‌లో లేదు సార్," అన్నారు.

"నీకు వచ్చుగా నీలవేణీ, నువ్వు తియ్యి," అన్నాడు నక్క.

"డిగ్రీలో లేనిది ముట్టుకుంటే ఉద్యోగం పోతుందండీ, రూలు మీరు పెట్టిందే. మా అమ్మ తీస్తుంది. కానీ పాపం, చదువుకోలేదు."

నక్క తల విదిలించుకుంటూ నూకమ్మ చెట్టు కిందికి వచ్చాడు.

"అమ్మా, ఇప్పుడే నీకు డిగ్రీ రాసిస్తాను. ఫీజేమీ వద్దు."

"నాకెందుకండీ డిగ్రీ. పని మానేసి రెండేళ్ళు దాటింది."

"ఏమిస్తే తీసుకుంటావు?"

నూకమ్మ మబ్బువైపు చూసింది. "ఆరు వందల గవ్వలు."

"కాస్త తగ్గించు తల్లీ."

"తగ్గిస్తే చదువుకి విలువ పోతుందండీ."

నక్క గవ్వలు తెచ్చి పోశాడు. నూకమ్మ లెక్కపెట్టుకుని, జరిమానా పడకుండా డిగ్రీ కూడా రాయించుకుని, ఒక్క పోటుకి పిడుదు లాగి మింగేసింది. తొలి చినుకు పడేసరికి కోకిల అప్పు తీరి గూడు చేతికొచ్చింది. వడ్డీ గుడ్లు నాలుగూ అందులోనే ఉన్నాయి, అది వేరే సంగతి.

మర్నాడే నక్క చెవుల కోసం విడిగా ఇంకో కోర్సు తెరిచాడు. చేరడానికి వరుసలో ముందు నిలబడ్డది తాబేలు తాత. "నాకింకా నూట ఇరవయ్యేళ్ళుంది, గిట్టుబాటవుతుంది," అన్నాడు.

నీతి: చదువు మీద పోసిన డబ్బు తిరిగి రావాలంటే తాబేలై పుట్టాలి, లేదా చదువు చెప్పినవాడి చెవిలో పిడుదు దూరాలి.